మా మేనత్త విసిరిన ఇటుక

నా చిన్నప్పుడు ఎవరింటి పని నడుస్తున్నదో తెలుసుకోవడానికి ఊరంతా తిరగాల్సిన అవసరం ఉండేది కాదు. తలెత్తి చూస్తే చాలు, వెదురు కర్రకు కట్టిన దిష్టిబొమ్మ కనిపించేది. మా మేనత్త కట్టుకుంటున్న ఇంటి మీది బొమ్మకు మా మామ పాత చొక్కా, ప్యాంటు తొడిగి, గడ్డి కూరి, తల బదులు కుండ బోర్లించి, దానికి సున్నంతో మీసాలు దిద్దారు. మొగుడి మీసాల కంటే బొమ్మ మీసాలే బాగున్నాయని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మామ వినీ విననట్టు తాపీ ఆడిస్తూ ఉండేవాడు. ఆ బొమ్మ అక్కడ నిలబడి ఉండకపోతే నా బతుకు ఇంకోలా ఉండేదని ఇప్పటికీ నమ్ముతాను.

పదహారేళ్లను చిన్నతనం అంటారా అని మా పిల్లలు నాతో వాదిస్తారు. అంటారు. పదహారేళ్లప్పుడు నాకున్నంత మొండితనం, తెలివితక్కువతనం మా చిన్నోడికి ఐదేళ్లప్పుడు కూడా లేవు. నేను అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కోడేరు అవతల మా ఊరు. రోజూ బస్సెక్కి నాగర్‌కర్నూల్ కాలేజీకి పోయేదాన్ని. పదోతరగతి దాకా లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని ఒక పొగరు ఉండేది. కాలేజీలో అవకలనం, అదే డిఫరెన్షియేషన్, మొదలుపెట్టగానే ఆ పొగరు నెలలో దిగిపోయింది. ఒక దాన్నుంచి ఇంకోటి ఎలా పుడుతుందో, ఎందుకు పుట్టిస్తున్నామో అర్థమయ్యేది కాదు. సూత్రాలు మాత్రం ముక్కున పట్టి పోయి పరీక్షలో కక్కేదాన్ని.

అర్ధ సంవత్సర పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి ఎంత ఎత్తుకు పోతుంది, ఆ పై కొసన దాని వేగమెంత, త్వరణమెంత. వేగం సున్నా అని రాశాను. అది సరే. త్వరణం కూడా సున్నా అని రాశాను. ఆగిన రాయికి ఇంకేం ఉంటుందని నా తర్కం. లెక్కల సారు పేపర్లు ఇస్తూ నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆ జవాబు పైకి చదివాడు. ఈమె విసిరిన రాయి ఇక కిందికి రాదు, ఆకాశంలోనే ఉంటుంది, కావాలంటే దానికి మన కాలేజీ గంట వేలాడదీసుకోవచ్చు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వించడం ఆయన అలవాటు. తరగతంతా పగలబడి నవ్వింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. డెబ్బై ఐదుకు పందొమ్మిది మార్కులున్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బస్సులో కిటికీలోంచి బయట పారేశాను. మర్నాటి నుంచి కాలేజీకి పోలేదు.

ఇంట్లో గొడవ చేసేంత తీరిక ఎవరికీ లేదు. ఆ ఏడు వానలు మొఖం చాటేశాయి, వేరుశనగ పొలంలోనే ఎండిపోయింది. మా నాన్న రెండు రోజులు అడిగి, మూడో రోజు ఇక నీ ఇష్టం అన్నాడు. ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. అలసటే ఉంది.

సరిగ్గా ఆ వారమే పీర్ల పండుగకు వలస పోయినవాళ్లంతా ఊరికి వచ్చారు. మా దిక్కు పండుగంటే అదే, ఎక్కడెక్కడి వాళ్లూ పీర్లు లేచేసరికి వచ్చి వాలేవారు. మా మేనత్త, మామ పూణెలో ఇళ్లు కట్టే పని చేసేవారు. పెద్ద పెద్ద బంగ్లాలు కట్టేవారు కానీ ఊళ్లో వాళ్లది మట్టి గోడల ఇల్లు. వచ్చినప్పుడల్లా కొత్తిల్లు కొంత కొంత కట్టుకుంటూ, ఆ ఏటికి స్లాబు దాకా తెచ్చారు. ఇక స్లాబు చుట్టూ పిట్టగోడ కట్టి, పండుగ చేసుకుని, మళ్లీ జీపెక్కి పోవాలి. మామ పైన గోడ కట్టేవాడు, అత్త కింద నిలబడి ఇటుకలు పైకి విసిరేది. ఒక్కొక్క ఇటుక పసిపిల్లలా లేచి ఆయన చేతిలోకి పోయేది. ఆమెకు నలభై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్లు నడుముకు దోపి, కాళ్లు ఎడంగా పెట్టి, చూడకుండానే విసిరేది.

నేను పోయి నన్ను కూడా పూణెకు తీసుకుపొమ్మని అడిగాను. కాలేజీ మానేశానని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో ఉన్న ఇటుక కింద పెట్టి, నా అరచేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది.

"వస్తవా? రా. గాడ ఏ చెయ్యైనా పనికొస్తది. గని ఇటుక పట్టుడొస్తదా నీకు?"

"నేర్చుకుంట."

"అయితె విను. పండుగకు ఇంక రెండు దినాలున్నయ్. నువ్వు స్లాబు మీద మీ మామ పక్కకు నిలవడు. నేనిసిరినయ్ పట్టు. పట్టుడొస్తె జీపుల నా పక్కకే కూసోవెట్టుకోని తీస్కపోత. రాకపోతె నోర్మూస్కోని కాలేజీకి పోవాలె. సరేనా?"

సరే అన్నాను. ఇటుక పట్టడం కూడా ఒక విద్యేనా అనుకున్నాను.

మొదటి ఇటుక నా వేళ్లను తాకి, తన దారిన తాను పోయి, తిరిగి వెనక్కి నా కాళ్ల దగ్గర పడింది. రెండోదాన్ని గట్టిగా పట్టాలని ముందుకు వంగాను. అది చేతిలో ఆగలేదు, చేతినే పైకి ఎత్తుకుపోయింది. నాలుగోదో ఐదోదో నా ఎడమచేతి నడిమి వేలిని కొసన కొట్టింది. గోరు కింద నల్లగా నెత్తురు గడ్డకట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ కింద అత్త చూస్తున్నదని అటు తిరిగి తుడుచుకున్నాను. మామ చూశాడు. ఆయన మాటలు ఎప్పుడూ పొదుపే. తలగుడ్డ కొస చింపి నా వేలికి చుడుతూ, తన పనిలోని గుట్టంతా ఒక్క మాటలో చెప్పాడు.

"పోయేదాన్ని పట్టకు, వచ్చేదాన్ని పట్టకు. ఆగినదాన్ని పట్టు."

ఆ మాట నాకు భలే నచ్చింది. మధ్యాహ్నమంతా ఇటుక ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ చేతులు చాపుకుని నిలబడ్డాను. నా దగ్గర ఏ ఇటుకా ఆగలేదు. బస్సు మా ఊరి స్టేజీ దగ్గర ఆపకుండా పోయినట్టు నా ముందు నుంచి పోతూనే ఉన్నాయి. సాయంత్రానికి అరచేతులు వాచిపోయాయి. ఆ రోజు అన్నం ముద్ద కూడా మా అమ్మే కలిపి పెట్టింది. ముద్దలు కొంచెం పెద్దవి పెట్టింది.

రెండో రోజు పొద్దున్నే పోయాను. మొండితనం అని ముందే చెప్పాను కదా. మామకు విసిరేటప్పుడు, నాకు విసిరేటప్పుడు అత్త నిలబడే చోటు అదే, చెయ్యి ఊపే తీరు అదే. ఆయన పట్టేవి పట్టుకుంటున్నాడు, నావి జారిపోతున్నాయి. అంటే తప్పు నాదే అనుకున్నాను. లెక్కలు రావు, ఇటుకా రాదు, ఇక నేనెందుకు పనికొస్తానని స్లాబు మీద కూలబడి, చెంబెడు నీళ్లు తాగుతూ ఏడుపు ఆపుకుంటున్నాను. కూర్చున్నాను కాబట్టి మొదటిసారి పక్క నుంచి చూడగలిగాను.

మామ ఇటుకను పట్టడం లేదు. అల్మారాలోంచి గిన్నె తీసినట్టు తీసుకుంటున్నాడు. ఇటుక ఆయన ఛాతీ ముందుకు వచ్చి, అక్కడ రెప్పపాటు నిలిచేది, అప్పుడు ఆయన చేతులు దాని కిందికి పోయేవి. వెనక దిష్టిబొమ్మ ఉంది కాబట్టి ఆ నిలిచే చోటు ఎక్కడో తేలిగ్గా గుర్తుపట్టాను. ప్రతిసారీ బొమ్మ మోకాళ్ల దగ్గరే. పదిసార్లు చూశాను, పదిసార్లూ అక్కడే. మా అత్త చెయ్యి అంత నిక్కచ్చి.

లేచి నా చోటికి పోయి నిలబడ్డాను. ఈసారి ఇటుక వస్తే పట్టుకోలేదు. పక్కకు జరిగి చూశాను. అది నా ఛాతీ దాటింది, మొఖం దాటింది, తల దాటింది, పోయి పోయి దిష్టిబొమ్మ గడ్డం దగ్గర, ఆ సున్నపు మీసాల కింద ఆగి, కిందికి దిగింది. ఇంకోదాన్ని వదిలేశాను. అదీ మీసాల దాకానే. మూడోది కూడా.

అప్పుడు నాలో ఏదో కదిలింది. ఏడుపు కాదు, కోపమూ కాదు. పదోతరగతిలో లెక్క దొరికే ముందు కలిగే ఆత్రం. అది నన్ను వదిలి పోయి నెలలైంది. మామను టేపు అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు. కింద అత్త చెయ్యి ఇటుకను వదిలే ఎత్తు నుంచి బొమ్మ మోకాళ్ల దాకా, తర్వాత మీసాల దాకా కొలిచాను. మేస్త్రీలు చూసే అడుగుల అంచు వదిలేసి, మీటర్ల అంచు చూశాను. మోకాళ్ల దాకా మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. మీసాల దాకా నాలుగు మీటర్లు దాటి ఐదు సెంటీమీటర్లు. చిన్నపిల్ల ముగ్గు వేసినట్టు వంకర టింకరగా కొలిచాను కాబట్టి అటూ ఇటూ ఉండొచ్చు.

మెట్లు లేవు కాబట్టి నిచ్చెన దిగి, పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చి, కింద కొత్త గోడ మీద గీయడం మొదలుపెట్టాను. ఇటుక ఎత్తు ఎంత? విసిరిన వేగాన్ని సెకన్లతో గుణించి, అందులోంచి సెకన్ల వర్గానికి ఐదు రెట్లు తీసేస్తే వచ్చేది. అది సారు చెప్పిందే. దాన్ని అవకలనం చేస్తే ఇటుక వేగం వస్తుంది, విసిరిన వేగంలోంచి సెకన్లకు పది రెట్లు తీసేయాలి. ఇది కూడా సారు చెప్పిందే, వందసార్లు కాపీ రాశాను. కానీ ఇదంతా మామ చెప్పిన మాటేనని అప్పటిదాకా తట్టలేదు. ఆగినదాన్ని పట్టు అంటే, ఆ వేగం సున్నా అయ్యే చోట పట్టు అని. అవకలనం ఎందుకు చేస్తామో నాకు తెలిసింది ఆ గోడ దగ్గర. ఇటుక ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోవడానికి.

సున్నా పెట్టి వెనక్కి లెక్కగడితే, మామకు వచ్చే ఇటుక సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో బయల్దేరుతున్నది. నాకు వచ్చేది తొమ్మిదితో. ఒక్క మీటరే తేడా. కానీ ఆ ఒక్క మీటరు వల్ల, మామ చేతుల దగ్గర ఆగిపోయే ఇటుక నా చేతుల దగ్గర ఇంకా సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో పైకి దూసుకుపోతున్నది. మామకు అది చేరడానికి ముప్పావు సెకను పైనే పడితే నాకు అర సెకనులోనే వచ్చేస్తున్నది. లెక్క రెండుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. తప్పు నా చేతుల్లోనూ లేదు.

బొగ్గు చేతిలోనే పట్టుకుని పోయి అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, మామకు ఎనిమిది ఇసురుతున్నవ్. నాకు తొమ్మిది ఇసురుతున్నవ్."

"ఏంది ఎనిమిది, ఏంది తొమ్మిది?"

చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయి చూపించాను. ఆమెకు అక్షరం రాదు. కానీ బొమ్మ మోకాళ్లు, బొమ్మ మీసాలు అనగానే ఆమె చూపు మారింది. తలెత్తి స్లాబు మీదికి చూసి, నువ్వే చెప్పినవా అని మామ మీద గయ్యిమంది. మామ అటు తిరిగి నిలబడి, నేనేం చెప్పలే, టేపు అడిగితె ఇచ్చిన అన్నాడు. ఆయన భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

మా అత్త కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఇటుకల కుప్ప మీద కూర్చుంది. కూర్చున్నాక చూస్తే ఆమె కళ్ల నిండా నీళ్లు. నా వేలికి చుట్టిన గుడ్డ మీద చెయ్యి పెట్టింది.

"ఇది నలిగినప్పుడు నా పానం నలిగింది బిడ్డా. గయినా ఇసిరిన. ఇంకో దినం ఇసిరితె నువ్వే ఇడిసిపెట్టి కాలేజీకి పోతవనుకున్న. ఉత్తగ పోవద్దంటె నువ్వు ఇంటవా?"

విననని ఆమెకు తెలుసు. మా వంశంలో ఆ గుణం ఆమె నుంచే వచ్చిందని అందరూ అంటారు. గోడ మీది బొగ్గు గీతల మీద వేలు పెట్టింది. తర్వాత చెప్పింది నేను ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

"ఇటుక ఆగే జాగ దొర్కనీకె నాకు రెండేండ్లు పట్టింది. ఎన్ని గోర్లు పోయినయో తెల్వదు. నువ్వు బొగ్గు పట్టుకోని పూటల దొర్కవట్టినవ్. నేను దొంగతనం చేస్తె గది గూడ దొర్కవట్టినవ్. గీ చదువు ఇడిసిపెట్టి నా ఎంబడి తట్ట మోయనీకొస్తవా? జర నువ్వే చెప్పు."

మొండితనంతో, ముందు ఎనిమిది ఇసురు అన్నాను. మాటంటే మాట. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది, నేను స్లాబు ఎక్కాను. ఇటుక లేచింది. నా ఛాతీ ముందుకు వచ్చి, నిలిచింది. చేతులు కిందికి పోనిచ్చాను. దెబ్బ లేదు, మంట లేదు. అయితే అది చేతిలో పడ్డ ఆ క్షణంలోనే దాని బరువు అరచేతుల మీదికి దిగింది. ఆగిన ఇటుక, అయినా బరువు అలాగే ఉంది. భూమి దాన్ని లాగడం ఒక్క రవ్వంత సేపు కూడా మానలేదు. పరీక్షలో నేను రాసిన రెండో సున్నా ఎంత తప్పో నా చేతులకు తెలిసింది. అది ఆగిందని నమ్మి చేతులు తీసేస్తే కిందికే పోతుంది, ఆగడం అనేది నిలిచి ఉండటం కాదు.

పొద్దుగూకే దాకా పట్టాను, ఒక్కటి కూడా జారలేదు. పిట్టగోడ అయిపోయింది. అత్త చేతులు కడుక్కుంటూ, పట్టుడొచ్చింది, మాట మీద నిలవడ్త అంది. ఎల్లుండి పొద్దున జీపు వస్తుంది, బట్టల మూట కట్టుకుని వస్తావో పుస్తకాల సంచి పట్టుకుని వస్తావో నీ ఇష్టం అని, ఇక నా దిక్కు చూడలేదు.

ఆ ఏడు పండుగ ఎలా జరిగిందో నాకు గుర్తు లేదు. పీర్ల ముందు అందరూ అలావ నిప్పుల గుండం చుట్టూ ఆడుతుంటే నేను ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాను. నాకు సిగ్గుగా ఉంది. తరగతిలో అందరి ముందూ నవ్వులపాలైన చోటికి మళ్లీ పోవడం ఇటుకల కంటే కష్టం అనిపించింది. కానీ బొగ్గు పట్టుకున్నప్పుడు కలిగిన ఆ ఆత్రం కూడా ఒంట్లో అలాగే ఉంది. దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

జీపు వచ్చింది. పదిమంది పట్టే బండిలో ఇరవై మంది ఉన్నారు, పైన మూటలు, గిన్నెలు, చంటిపిల్లలు. నేను పుస్తకాల సంచి భుజాన వేసుకుని పోయాను. అత్త పక్కనున్న మామను మోచేత్తో జరిపి, తన పక్కన చోటు చేసింది. మాట ఇచ్చింది కదా, పక్కనే కూర్చోబెట్టుకుంది. దారంతా నా వాచిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఉంది. నాగర్‌కర్నూల్‌లో కాలేజీ గేటు ముందు జీపు ఆగింది. నేను దిగాను. వాళ్లు దిగలేదు.

ఆ రోజు లెక్కల సారు దగ్గరికి నేనే పోయి, పైకొసన త్వరణం సున్నా కాదు సార్ అన్నాను. ఎవరు చెప్పారని అడిగాడు. మా అత్త అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు కానీ, మొత్తం విన్నాక సుద్దముక్క నా చేతికిచ్చి, తరగతికంతా చెప్పమన్నాడు. ఈసారి కూడా నవ్వారు, దిష్టిబొమ్మ మీసాల దగ్గర.

ఇప్పుడు నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. తలలో తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి. మా అత్త మోకాళ్లు అరిగిపోయి ఊరికి తిరిగి వచ్చేసింది, ఆ పిట్టగోడ నీడలోనే మంచం వేసుకుంటుంది. పోయినప్పుడల్లా, నేను ఎనిమిదే ఇసిరిన, నీ లెక్కే తప్పు అని కొట్లాటకు వస్తుంది. కొట్లాడుతూనే నా ఎడమచెయ్యి అందుకుని నడిమి వేలి గోరు తడుముతుంది. ఆ గోరు ఊడి మళ్లీ వచ్చింది కానీ, నడుమ ఒక గాడితోనే వచ్చింది. ఎన్నిసార్లు కత్తిరించినా గాడి పోదు.

ప్రతి ఏడూ ఏదో ఒక నెలలో, జీపులు తిరిగే రోజుల్లో, తరగతిలో ఒక పిల్ల రావడం ఆగిపోతుంది. ఆగింది కదా, వస్తుందిలే అని నేను ఊరుకోను. లాగేది లాగుతూనే ఉంటుందని నా చేతులకు తెలుసు. ఆదివారం పూట బస్సెక్కి పాన్‌గల్ దిక్కో, ఇంకో దిక్కో ఆ పిల్ల ఊరికి పోతాను. వాళ్లింటి ముందు కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, ముందుగా నా ఎడమచెయ్యి చాపి ఆ గోరు చూపిస్తాను. "ఇది తొమ్మిది" అని మొదలుపెడతాను.